పుచ్చుకున్నాను

ఒకటో రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. పేరు బాలకోటయ్య, వయసు యాభై మూడు. పదో లాకు దగ్గర ఇరవై ఆరేళ్ళు లస్కరుగా చేశాను. సముద్రం పాటుకు దిగినప్పుడు తూము తలుపు ఎత్తి లోపలి మురుగునీళ్ళు బయటికి వదలాలి, పోటు మొదలయ్యేలోపు తలుపు దించెయ్యాలి. లస్కరు పని అంతే. కాకపోతే పోటు వేళ కరకట్ట అవతల సముద్రం మా ఇంటి కప్పుల కన్నా మూరెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి, దించడం మర్చిపోయిన రోజున ఏడు ఊళ్ళు ఉప్పులో ఊరతాయి.

పోయిన వారం మెడ వెనక మూడు సూదులు వేశారు. నాలుగో రోజుకల్లా నాచుసారా వాసనకే కడుపులో తిప్పడం మొదలైంది. ముప్పై ఏళ్ళ తాగుడు మూడు సూదులకే పోయింది. అంత తేలిగ్గా పోయేదాని కోసమా నేను అన్ని తిట్లు తిన్నది అని నామోషీగా ఉంది.

అక్కడితో ఇంటికి పంపించవచ్చు. పంపరు. నలభై ఒక్క రోజులు దీక్ష చెయ్యాలి. దీక్షకు పెద్ద మస్తానయ్య. ఆయన మందు మానేసి పంతొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆయన ఒక్క పూట కూడా గడపలేదు.

"సూది నాలిక్కేనయ్యా కోటయ్యా. మిగతా మనిషి అట్టాగే ఉంటాడు" అన్నాడు ఇవాళ. అని, నా మొహంలో ఏమైనా వెలుగు కనబడుతుందేమోనని కాసేపు చూశాడు. ఆవులింత వచ్చింది, ఆవులించాను.

నాకు ముందు దీక్ష చేసిన మహానుభావుడి పుస్తకం చదవమని ఇచ్చారు. పద్దెనిమిది పేజీల్లో 'అమ్మా, నన్ను క్షమించు' తప్ప మరో ముక్క లేదు. నా పుస్తకం నా తర్వాత వచ్చే తాగుబోతుకు ఇస్తారట. నాయనా, ముక్కు చీదుకోవడానికి ఇందులో నీకేమీ దొరకదు. నేను ఇక్కడున్నది ఒకే ఒక్కదాని కోసం. దీక్ష సరిగ్గా ముగిస్తే తూము మళ్ళీ నాకిస్తారు. నన్ను తీసేసి ఏడాదయింది. నా చోట పెట్టిన కుర్రాడు పోటుకీ పాటుకీ తడుముకుంటున్నాడు. శ్రావణ పౌర్ణమి పోటు వస్తోంది. వాళ్ళకు నా అవసరం ఉంది.

రెండో రోజు

పొద్దున్నే లాకు దగ్గర గుర్రపుడెక్క తీయాలి. ఇరవై ఆరేళ్ళు తూము మీద నిలబడి కిందివాళ్ళతో తీయించినవాణ్ణి, ఇవాళ నడుంలోతు నీళ్ళలో దిగి నేనే తీశాను. పైనుంచి కొత్త లస్కరు నన్ను చూడనట్టు నటించాడు. నటన కూడా సరిగ్గా రాదు వాడికి.

అప్పుడే రేవులోకి పేరమ్మ వచ్చింది. రోజూ ఊరు బిందెలు ముంచుకునే ముందు ఆమె కాలవ నీళ్ళు మూడు దోసిళ్ళు తాగి, చప్పనో ఉప్పనో గట్టిగా చెప్పాలి. ఉమ్మెయ్యకూడదు, మింగాలి. మీటర్లు ఉన్నాయి గానీ తుప్పుపట్టి తలో మాట చెబుతాయి, జనం నాలికనే నమ్ముతారు. ఎవరి చేతిమీదుగా ఉప్పు లోపలికి వచ్చిందో వాళ్ళ నాలికే ముందు చూడాలని ఇక్కడి కట్టుబాటు. ఆరేళ్ళ కిందట పేరమ్మ తూము దించకుండా నిద్రపోయింది. ఏడు ఊళ్ళ నారుమళ్ళు మాడిపోయాయి, మూడేళ్ళు గింజ మొలవలేదు. అప్పుడు నేనూ ఆమే జోడీ లస్కర్లం. నాకన్నా ఆరేళ్ళు పెద్దది, అక్కా అనేవాణ్ణి.

ఇవాళ మూడో దోసిలికి మొహం వికారంగా పెట్టింది. ఆరేళ్ళుగా తాగుతున్న నీళ్ళే కదా, ఇంకా ఏమిటా వేషాలు అనుకున్నాను.

తర్వాత పెట్టె. మా దగ్గర ప్రతి ఇంటి దూలానికీ, ప్రతి పడవకీ, ప్రతి తూముకీ బొత్తామంత చెవి ఒకటి బిగించి ఉంటుంది. వరదలో ఎవరు ఎక్కడ కేకేస్తున్నారో తెలియడానికి తాతల కాలంలో పెట్టారు. అవి విన్నదంతా దాచుకుంటాయి, కానీ ఎవరూ తెరవకూడదు. విచారణకు కూడా తెరవరు. ఒక్క తాగుబోతుకే మినహాయింపు. మైకంలో వాడికి గుర్తు లేకుండా పోయిన గంటల్ని పోగుచేసి, పాతవాటి నుంచి వరసగా, రోజుకొకటి చొప్పున ఈ పెట్టెలోంచి వాడి ఒక్కడి చెవికే వినిపిస్తారు. విన్న వెంటనే అది చెరిగిపోతుంది. ఒకడి మైకం ఊరందరికీ వినోదం కాకూడదట.

మొదటి గంట పంటు పడవ ఆగే రేవులోది. నేను ఏడుగురి గొంతులు చేశాను. కరణం గొంతు, చేపల వేలం పాటగాడి గొంతు, మస్తానయ్య గొంతు. జనం పడీపడీ నవ్వుతున్నారు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. గొంతులు చెయ్యడంలో ఈ ఏడు ఊళ్ళలో నన్ను మించినవాడు లేడు. ఇలాంటివి నలభై వినిపించి నన్ను ఏడిపిద్దామనుకుంటే వాళ్ళ అమాయకత్వానికి జోహార్లు.

ఐదో రోజు

ఇవాళ్టి నుంచి గడపలు. మస్తానయ్యను వెంటబెట్టుకుని ఒక్కో ఇంటికి వెళ్ళి గడప బయట నిలబడి 'నేనేం చేశానో చెప్పండి' అని అడగాలి. వాళ్ళు చెబుతున్నప్పుడు అడ్డు రాకూడదు. క్షమించమని అడగకూడదు. అయ్యాక 'విన్నాను' అని ఒక్క మాట అని వచ్చెయ్యాలి.

మొదటి గడప నాదే. సొంతింటి బయట బిచ్చగాడిలా నిలబెట్టే తెలివి ఎవరిదో గానీ వాడికి దణ్ణం పెట్టాలి. నా భార్య సామ్రాజ్యం ఎండు రొయ్యల తలలు తుంచుతూ కూర్చుంది. తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"నువ్వు కొట్టలేదు, తిట్టలేదు. కోటయ్య తాగినా మంచోడే, నవ్విస్తాడు అంటారు అందరూ. నిజమే. మా అమ్మ పోయి పదకొండో రోజు. వాన పడతా ఉంది. నువ్వు తలుపవతల నిలబడి మా అమ్మ గొంతుతో 'సామ్రాజ్యం, తలుపు తియ్యవే, తడిసిపోతన్నా' అన్నావు. నేను లేచి ఉరికా. పది అడుగులుండిద్దేమో మంచానికీ తలుపుకీ. ఆ పది అడుగులూ మా అమ్మ బతికే ఉంది. తలుపు తీస్తే నువ్వు. నవ్వుతున్నావు."

ఒక రొయ్య తల తుంచింది.

"మా అమ్మ రెండోసారి పోయింది ఆ రోజు. దినాలు కూడా చెయ్యలా ఆ చావుకి."

విన్నాను అని వచ్చేశాను. పన్నెండేళ్ళ కిందటి వేళాకోళాన్ని ఇంత భద్రంగా దాచుకునే మనిషి, నా మంచి ఒక్కటి కూడా ఎందుకు దాచుకోలేదో అడగాలనిపించింది. అడగకూడదు కదా. ఈ దీక్షలో తెలివైన ప్రశ్నలన్నిటికీ నిషేధం.

తొమ్మిదో రోజు

పంటు నడిపే గురవయ్య దగ్గరికి వెళ్ళాను. కుంటుకుంటూ వచ్చి తాడు కట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

"పడవ నిండా జనం. నువ్వు చివర్న కూచుని కట్ట తెగినప్పుడు మోగే కూత తీశావు. అచ్చం అదే కూత. నవ్వులాటకని ఎవురికి తెలుసు? ఇరవై మంది నీళ్ళల్లో దూకారు. దూకేవాళ్ళని ఆపబోయి నా కాలు పంటుకీ రాతికీ మధ్య పడ్డది. పాదం ఎముకలు ఎనిమిది ముక్కలు."

ఆయన కుంటు కీళ్ళవాతం అనుకున్నాను ఇన్నాళ్ళూ. అంతేకాదు, ఆయన నడకను కూడా అనుకరించి రేవులో నవ్వించాను, అది మాత్రం నాకు బాగా గుర్తుంది. ఆయన కూడా ఆ గుంపులో ఉన్నాడు, నవ్వాడు.

"ఎందుకు నవ్వావు?" అని నోరు జారాను. మస్తానయ్య దగ్గాడు. గురవయ్య మాత్రం చెప్పాడు.

"నవ్వకపోతే ఇంకో నాలుగు రోజులు చేస్తావని."

విన్నాను అన్నాను. తిరిగొచ్చాక అన్నం సయించలేదు. ఎండ దెబ్బ అయ్యుంటుంది.

పదిహేడో రోజు

ఇవాళ పేరమ్మ గడప. నిజానికి నా జాబితాలో ఆమె పేరు ఉండాల్సిన పనిలేదు, ఆమె వల్లే తూముకు మాటొచ్చింది. కలిసి పనిచేసినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళాలని మస్తానయ్య పట్టుబట్టాడు.

ఆమె కాళ్ళు బిందెల్లా ఉబ్బి ఉన్నాయి. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఒకప్పుడు ఆమె తూము మీద నిలబడి పిలిస్తే అవతలి గట్టు మీద గొడ్లు తలెత్తి చూసేవి. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నా చెవి వొగ్గి వినాల్సి వచ్చింది. ఉప్పునీళ్ళు అలా చేస్తాయట.

"నువ్వు నాకేం చేశావు కోటయ్యా? నేనే నీకు చేశా. ఉప్పొచ్చిన రోజు నువ్వు బిళ్ళ ఇచ్చిపోయావు. నేను పుచ్చుకుని గూడా పడుకున్నా. నాకైతే ఆ మాట అన్నట్టే గుర్తులేదు. జొరంలో అన్నానేమో. నా మూలంగా జోడీగాడివని నీకూ చెడ్డపేరే. మనసులో పెట్టుకోమాక."

బిళ్ళ సంగతి కొత్తవాళ్ళ కోసం రాయాలి. తూము ఎత్తిన లస్కరు ఇత్తడి బిళ్ళ మెడలో వేసుకుంటాడు. అది మెడలో ఉన్నంతసేపూ తూము బాధ్యత అతనిదే. జోడీకి అప్పగించాలంటే 'ఇచ్చాను' అనాలి, తీసుకునేవాళ్ళు 'పుచ్చుకున్నాను' అనాలి. తూము చెవి ఆ గొంతును గుర్తుపట్టి ఎర్రదీపం ఆర్పి నీలిదీపం వెలిగిస్తుంది. అంతవరకూ అప్పగించినట్టు కాదు. ఎవరి గొంతో ఆ పేరొక్కటీ తూము విడిగా రాసుకుంటుంది, విచారణలో చూసేదీ ఆ ఒక్కటే, చివర ఏ గొంతు పుచ్చుకుంది అని. ఆ రోజు మధ్యాహ్నం చివరి గొంతు పేరమ్మది. బిళ్ళ ఆమె మెడలోనే దొరికింది.

"పోనీలే అక్కా, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాను. నియమం ప్రకారం విన్నాను అనాలి. కానీ క్షమించే అవకాశం నాకు మళ్ళీ ఎప్పుడొస్తుంది? వస్తుంటే మనసు తేలిగ్గా ఉంది. మస్తానయ్య కూడా భుజం తట్టాడు.

ఇరవై రెండో రోజు

రేపు వినాల్సిన గంట ఏదో ముందురోజే పెట్టె మీద కనబడుతుంది. ఇవాళ చూశాను. ఉప్పు వచ్చిన రోజు, మధ్యాహ్నం రెండు గంటలు, పదో లాకు తూము.

ఒక సంగతి ఇంతవరకూ రాయలేదు. విచారణలో నేను సాక్షిని. బిళ్ళ అప్పగించి, ఆమె పుచ్చుకున్నాక ఇంటికి వెళ్ళి పడుకున్నానని చెప్పాను. నిజానికి ఆ మధ్యాహ్నం నాకేదీ గుర్తులేదు. తూము ఏం చెప్పిందో నేనూ అదే చెప్పాను. తూము అబద్ధం చెప్పదు కదా.

గుర్తులేదు కాబట్టే అది పెట్టెలోకి వచ్చింది. అందులో కంగారు పడాల్సిందేముంది? ఇచ్చాను, పుచ్చుకున్నాను, అంతే ఉంటుంది.

ఇరవై మూడో రోజు

చెరిగిపోయేలోపు రాస్తున్నాను. పెట్టెలో చెరిగిపోయింది. నాలోంచి చెరిగిపోయేలోపు అని.

మొదట తూము మర చప్పుడు. తర్వాత నా దగ్గు. తర్వాత ఎవరిదో ఊపిరి, జ్వరంలో ఉన్నవాళ్ళు తీసే పొట్టి ఊపిరి. అది పేరమ్మ. అంతకుముందు రెండు వంతులూ నా బదులు ఆమే చేసింది, నేను రాలేదు కాబట్టి. మూడో వంతుకు నేను వచ్చాను, తాగి.

"పేరమ్మక్కా. ఓ పేరమ్మక్కా. బిళ్ళ పుచ్చుకో, నాకు పనుంది."

ఊపిరి.

"లెగవా? లెగవద్దులే."

గొలుసు చప్పుడు. బిళ్ళ తీసి ఆమె మెడలో వేసిన చప్పుడు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు వినబడుతోంది. "ఇచ్చాను" అన్నాను నా గొంతుతో. ఒక్క క్షణం ఆగాను. అప్పుడు నిండుగా, గట్టిగా, గొడ్లు తలెత్తి చూసే ఆ గొంతుతో, పేరమ్మ "పుచ్చుకున్నాను" అంది.

అన్నది పేరమ్మ కాదు. పేరమ్మ ఊపిరి ఆ మాట వెనక అలాగే వినబడుతోంది.

దీపం మారినప్పుడు తూము టింగుమంటుంది. టింగుమంది.

"పడుకో అక్కా. నీ బదులు నేనే చెప్పేశాగా" అని నా గొంతు. మెట్లు దిగిన చప్పుడు. తర్వాత గంట అయిపోయేదాకా నీళ్ళు. మొదట బయటికి పోయే నీళ్ళు. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపలికి వచ్చే నీళ్ళు. ఆ తేడా లస్కరుకు తెలుస్తుంది. నేను పెట్టె పట్టుకుని 'అక్కా లెగు, అక్కా లెగు' అంటూనే ఉన్నాను. ఆరేళ్ళ కిందట జరిగిపోయినదానికి.

ఇరవై నాలుగో రోజు

ఏమీ లేదు.

ఇరవై ఐదో రోజు

ఏమీ లేదు. గుర్రపుడెక్క తీశాను.

ముప్పయ్యో రోజు

నా తెలివితేటలు రాస్తున్నాను, చదువుకో నాయనా, నీకూ పనికొస్తాయి.

ఒకటి, ఎవరికీ తెలియదు. పెట్టె చెరిగిపోయింది. రెండు, పేరమ్మకు అలవాటైపోయింది. మూడు, చెబితే తూము నాకు జన్మలో ఇవ్వరు, పౌర్ణమి పోటుకు ఆ కుర్రాడు తడుముకుంటే ఊళ్ళు మునుగుతాయి, కాబట్టి ఊళ్ళ మేలు కోరేవాడెవడూ చెప్పకూడదు. ఈ మూడోది కనిపెట్టినప్పుడు నా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నా త్యాగం నన్నే కదిలించింది. పద్దెనిమిది పేజీలు అమ్మా అమ్మా అని రాసినవాడి ముందు నేనెంత? వాడు కనీసం అబద్ధాలకు ఊళ్ళ మేలు అని పేరు పెట్టలేదు.

తూము మీద నాకున్నది ఇష్టమని చెప్పుకునేవాణ్ణి. పాటు తిరిగే వేళకు కొయ్య మీద చెయ్యి పెడితే లోపల వణుకు తెలిసేది, గడియారం చూడాల్సిన పనే ఉండేది కాదు. అంత తెలిసినవాణ్ణి, నవ్వులాటకు దాన్ని వదిలేసి పోయాను. మందు చేయించింది అందామంటే, గొంతు చేసింది మందు కాదు. అది నా సొంత విద్య.

ముప్పై ఆరో రోజు

చెబుదామని పేరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఒక గడపకు రెండోసారి వెళ్ళకూడదు, మస్తానయ్యకు చెప్పకుండా వెళ్ళాను. ఎండలో వచ్చానని గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చింది.

"ఉప్పెయ్యలా. డాక్టరు నన్ను అసలు ముట్టుకోవద్దన్నాడు. ఇంట్లో మానేశాను, రేవులో తప్పదు గదా" అంది.

"అక్కా, ఆ రోజు..."

"మళ్ళీ అదే ఎత్తమాక. నువ్వు తూమెక్కితే నాకు సగం బరువు దిగిద్ది. మా జోడీ మళ్ళీ నిలబడ్డాడని చెప్పుకుంటా."

మజ్జిగ తాగాను. గ్లాసు కడిగి బోర్లించి వచ్చాను. అంతకన్నా మగతనం నాలో లేకపోయింది. ఉమ్మెయ్యదగ్గ మనిషిని నేను, వేరే మాట లేదు.

దారిలో ఒక పని మాత్రం చేశాను. గుర్రపుడెక్క మధ్యలో నిలబడి ఆ మాటను ఆ గొంతుతో అనిచూశాను. రాలేదు. ఎన్నిసార్లు అన్నా నా గొంతే వచ్చింది. తాగితే గానీ రాని విద్య అనుకున్నాను. అందుకు సంతోషించాను కూడా, చూపించలేనిదాన్ని చెప్పి మాత్రం ఏం లాభమని.

నలభయ్యో రోజు

అయినా ఊరుకోలేక మూడు రోజులు నీళ్ళలో నిలబడి ఆ మాటే అన్నాను. ఇవాళ ఆ గొంతు వచ్చింది. అవతలి గట్టు మీద గేదె ఒకటి తలెత్తింది.

తిన్నగా మస్తానయ్య దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన జాలిగా చూశాడు.

"ముప్పై దాటాక అందరికీ ఇట్టాగే అయిద్దయ్యా. మనసు మెత్తబడి చెయ్యనియ్యి గూడా నెత్తికెత్తుకుంటారు. నేనైతే మా మావ చావుకి నేనే కారణమన్నా. ఆయన పాము కరిచి పోయాడు."

"నేను నా చెవులతో విన్నా."

"విన్నది చెరిగిపోయింది. పేరమ్మ ఒప్పుకుంది. తూము చెప్పింది. రేపు నీ చేతికి బిళ్ళ వస్తంది. పెద్దమనిషివి, ఎందుకయ్యా గొప్పకి పోతావు?"

పాపం చేసినప్పుడు ఎవరూ అనుమానించలేదు, ఒప్పుకుంటే అందరూ మెచ్చుకునేలా ఉన్నారు. ఎలా చూసినా కోటయ్య మంచోడే.

నలభై ఒకటో రోజు

పొద్దున పాటు వేళ తూము దగ్గర ఊరు చేరింది. సామ్రాజ్యం వచ్చింది, గురవయ్య వచ్చాడు. పేరమ్మ మెట్ల మీద కూర్చుంది, కాళ్ళు కిందికి వేలాడేసి. తలుపు ఎత్తి ఉంది, బిళ్ళ కొత్త లస్కరు మెడలో ఉంది. నేను 'పుచ్చుకున్నాను' అంటే అయిపోతుంది.

నేను ఆ మాట అనలేదు. ఆ రోజు ఏం చేశానో చెప్పాను. దణ్ణాలు, కన్నీళ్ళు లేకుండా, గొలుసు చప్పుడు దగ్గర్నుంచి మెట్ల చప్పుడు దాకా చెప్పాను.

వెనక నుంచి ఒకావిడ "ఎంత మారిపోయాడో చూడండి, ఆవిడ బరువు తను మోస్తానంటన్నాడు" అంది. చాలామంది తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ జనాన్ని నేను ముప్పై ఏళ్ళు ఎంత తేలిగ్గా నవ్వించానో అప్పుడు అర్థమైంది.

"చేసి చూపిస్తా. ఆమె గొంతు తూములో ఇంకా ఉంది, ఎవురూ తీసెయ్యలా" అన్నాను.

మస్తానయ్య ఆలోచించాడు. "అట్టయితే ముందు పేరమ్మ అనాల. ఆమె గొంతు తూముకి గుర్తుందో లేదో తెలవాలి గదా" అన్నాడు. మొదటిసారి తెలివైన మాట అన్నాడు ఆ మనిషి.

పేరమ్మ లేచింది. కొత్త లస్కరు "ఇచ్చాను" అన్నాడు.

"పుచ్చుకున్నాను" అంది పేరమ్మ.

ఎర్రదీపం అలాగే ఉంది. ఇంకా గట్టిగా అనబోయింది, గొంతు చీలి దగ్గు వచ్చింది. దీపం మారలేదు. "తూము మర్చిపోయింది, ఇంక వదిలెయ్యండి" అన్నారెవరో. పేరమ్మ దీపం వంక చూస్తూ నిలబడింది. పద్దెనిమిదేళ్ళు తను పలికితే పలికిన తూము.

కొత్త లస్కరు మళ్ళీ "ఇచ్చాను" అన్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. నవ్వు రాకుండా ఆ గొంతు చెయ్యడం జీవితంలో అదే మొదటిసారి.

"పుచ్చుకున్నాను."

తూము టింగుమంది. కళ్ళు తెరిచేసరికి నీలిదీపం.

సామ్రాజ్యం రెండు చెవులూ మూసుకుని ఉంది. ఎవరూ నవ్వలేదు. పేరమ్మ నా దగ్గరికి వచ్చింది, ఒక్కో మెట్టూ పట్టుకుంటూ. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండనుకున్నాను.

"ఇంకోసారి అను" అంది.

అన్నాను. ఆమె తల కొంచెం వంచి వింది.

"నా గొంతు అట్టా ఉండేదా?"

"అట్టాగే ఉండేది అక్కా."

"నేను అన్లేదన్నమాట" అంది. ఆ మాట నాతో కాదు, ఎవరితోనూ కాదు. ఆరేళ్ళు జ్వరంలో అన్నానేమో, అన్నానేమో అని తనని తాను అడుక్కున్న మనిషి. తర్వాత నా మొహంలోకి చూసింది. "ఇంకెప్పుడూ అనమాక. నా గొంతు నీ నోట్లో ఉండటం నాకిష్టం లేదు."

ఆమె గొంతును ఇవాళే తూములోంచి తీసేశారు. ఇకమీద బిళ్ళ ఎవరి మెడలోనూ వేయకుండా, కళ్ళు తెరిచి ఉన్న మనిషి చేతిలో పెట్టాలని కూడా కట్టడి చేశారు. నలభై ఒక్క రోజుల్లో ఊరికి పనికొచ్చింది అదొక్కటే. తూము ఆ కుర్రాడికే ఉంచారు. పౌర్ణమి పోటుకు పక్కన నిలబడి చెప్పడానికి పేరమ్మను అడిగారు. కాళ్ళు సహకరిస్తే చూస్తానంది. నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నలభై రెండో రోజు

దీక్ష నిన్నటితో అయిపోయింది, రాయాల్సిన పనిలేదు. అయినా ఈ ఒక్కటీ రాసి పుస్తకం ఇచ్చేస్తాను.

ఎవరి చేతిమీదుగా ఉప్పు లోపలికి వచ్చిందో వాళ్ళ నాలికే ముందు చూడాలి. కాబట్టి పొద్దున్నే రేవులో దిగాను. బిందెలతో జనం మెట్ల మీద నిలబడ్డారు. పైన గట్టు మీద పేరమ్మ, కర్ర ఊతం చేసుకుని. ఆమె ఇవాళ రావాల్సిన పనిలేదు. వచ్చింది.

మొదటి దోసిలి పట్టాను. నోట్లో పోసుకోగానే దవడలు బిగుసుకుపోయాయి. చప్పన అని చెప్పే నీళ్ళే ఇలా ఉంటే, ఉప్పన అన్న రోజుల్లో ఆమె ఏం తాగిందో నాకు తెలియదు. మొహం వికారంగా పెట్టి ఉంటాను, ముందు వరసలో ఒకావిడ ముసిముసిగా నవ్వింది.

"ఎట్టా ఉంది?" అని అడిగింది పేరమ్మ పైనుంచి.

నోట్లో నీళ్ళతో జవాబు చెప్పలేక ఆమె వంక చూశాను. ఉమ్మెయ్యడానికి పక్కన బోలెడంత కాలవ ఉంది.

"మింగు" అంది.

మింగాను. ఇంకా రెండు దోసిళ్ళు ఉన్నాయి.